గాడి తీసే పదును: బిలాస్‌పూర్ రైల్వే పట్టణం నుంచి ఒక పనిముట్టు చరిత్ర



రౌటర్ అనగానే మీలో చాలామందికి ఇంట్లో గోడకు తగిలించి ఉండే, ఇంటర్నెట్‌ను అందరికీ పంచే డబ్బా గుర్తుకొస్తుంది. ఈ పాఠం దాని గురించి కాదు. వడ్రంగి చేతిలోని రౌటర్ వేరు. పేర్లు ఒకేలా వినిపించినా వాటి పుట్టుక వేరు. డబ్బా పేరు 'దారి' అనే అర్థమున్న ఇంగ్లీషు మాట నుంచి వచ్చింది. వడ్రంగి రౌటర్ పేరు 'తవ్వి తీయడం' అనే అర్థమున్న మరో క్రియ నుంచి వచ్చింది.

రౌటర్ అంటే నిమిషానికి సుమారు పది వేల నుంచి ముప్పై వేల సార్లు తిరిగే మోటారు. దాని కొసన బిగించే ఉక్కు కాడను, ఆ కాడ చివర ఉండే కోత అంచును కలిపి బిట్ అంటారు. తలుపు చట్రంలో అద్దం కూర్చునే మెట్టు, బల్ల అంచుకు గుండ్రదనం, అలమర పక్కచెక్కలో అర దూరే గాడి, ఇవన్నీ బిట్ ఆకారాన్ని బట్టి వస్తాయి. మోటారు తిప్పుతుంది, అంతే. ఆకారం ఇచ్చేది బిట్టే. కాబట్టి చరిత్ర విద్యార్థి మోటారు కంటే ముందు బిట్‌ను చూడాలి.

ఈ చరిత్రను మనం ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ నుంచి చూద్దాం. వడ్రంగం పాఠానికి రైల్వే పట్టణం ఎందుకని మీరు అడగవచ్చు. రైలంటే మనకు ఇనుము గుర్తుకొస్తుంది. కానీ వంద సంవత్సరాల కిందటి రైల్లో ఇనుముతో పాటు కలప కూడా అంతే అవసరం. పట్టాల కింద కలప, పెట్టె గోడల్లో కలప, కూర్చునే బెంచీ కూడా కలపే.

రైలు వెంట వచ్చినవారు

1882 నాటికి నాగపూర్ నుంచి రాజ్‌నంద్‌గావ్ వరకు మీటర్ గేజి లైను ఉండేది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ దాన్ని తన చేతిలోకి తీసుకుని, బ్రాడ్ గేజిగా మార్చి, తూర్పు వైపుకు పొడిగించింది. బిలాస్‌పూర్ మీదుగా అసన్‌సోల్ వరకు దారి 1891లో తెరుచుకుంది. కట్నీ వైపు వెళ్లే లైను కూడా ఇక్కడే చీలడంతో బిలాస్‌పూర్ జంక్షన్ అయింది. జంక్షన్ అయిన చోటికి ఇంజన్ షెడ్డు, పెట్టెల మరమ్మతు విభాగం, సిబ్బంది క్వార్టర్లు వచ్చి చేరతాయి. ఊరు రైలు చుట్టూ పెరుగుతుంది.

ఇందులో తెలుగువారి పాత్ర ఎక్కడ మొదలైంది? తూర్పు తీర రైల్వే ఉత్తర భాగం 1902లో ఇదే కంపెనీ చేతికి వచ్చింది. దానితో శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల పల్లెలు, వాల్తేరు స్టేషను బెంగాల్ నాగపూర్ రైల్వే లైను మీదికి వచ్చాయి. కంపెనీ ఉద్యోగాల కబురు ఆ పల్లెలకు చేరింది. కొందరు ఖరగ్‌పూర్ వర్క్‌షాపుకు వెళ్లారు, కొందరు చక్రధర్‌పూర్, బిలాస్‌పూర్, రాయపూర్ చేరారు. మొదట్లో తీరం వెంట ఖరగ్‌పూర్ దాకా పోయి అక్కడి నుంచి పడమటికి తిరగాల్సి వచ్చేది. 1931లో రాయపూర్–విజయనగరం లైను పూర్తయ్యాక ఆ చుట్టుదారి తప్పింది. బిలాస్‌పూర్ రైల్వే కాలనీల్లో నేటికీ తెలుగు వినిపించడానికి కారణం ఈ లైన్లే.

ఆ కంపెనీలో ఉద్యోగం స్థిరమైనదని మాత్రం అనుకోకండి. ఖర్చు తగ్గించాలనుకున్నప్పుడు వర్క్‌షాపు కార్మికులనే ముందుగా తొలగించేవారు. తొలగింపులకు వ్యతిరేకంగా 1928లో బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులు శాంతియుతంగా సమ్మె చేసినప్పుడు దానికి నాయకత్వం వహించినవారు వి.వి.గిరి. బరంపురంలో తెలుగు కుటుంబంలో పుట్టిన ఆయన తరువాత 1969లో రాష్ట్రపతి అయ్యారు. ఆ సమ్మెలో కార్మికులు తమ డిమాండ్లు సాధించుకున్నారు. చేతి నైపుణ్యం మీద బతికే మనిషికీ, ఆ నైపుణ్యానికి వెలకట్టే యజమానికీ మధ్య ఈ పేచీ మన పాఠంలో మళ్లీ ఎదురవుతుంది.

చెక్కలో గాడి, చేతిలో చిత్రిక

బిలాస్‌పూర్ చుట్టుపక్కల అడవుల్లో సాల వృక్షం ఎక్కువ. మనవాళ్లు గుగ్గిలం చెట్టు అంటారు, ఛత్తీస్‌గఢ్‌లో సరయి అంటారు. ఇప్పుడది ఆ రాష్ట్ర వృక్షం. బరువైనది, గట్టిది, చెదలను తట్టుకునేది. కాబట్టి స్లీపర్లకు అది ముందు ఎంపిక. ఒక్క కిలోమీటరు లైనుకు వెయ్యికి పైగా స్లీపర్లు కావాలి. అడవి ఎంత తరిగిందో మీరే ఊహించండి. కాంక్రీటు స్లీపర్లు వచ్చాకే ఆ ఒత్తిడి తగ్గింది.

పెట్టెల సంగతి వేరు. కింద ఉక్కు చట్రం, పైన టేకు పెట్టె. టేకు వానకు ఉబ్బడం, ఎండకు కుంచించుకోవడం తక్కువ. టేకులో దిగిన ఇనుప మేకు త్వరగా తుప్పు పట్టదు. పెట్టె కిటికీ తలుపు పైకీ కిందికీ జరగాలంటే రెండు పక్కలా నిలువు గాడి ఉండాలి. గాడి అర నూలు బిగుతైతే శ్రావణంలో ఇరుక్కుంటుంది, అర నూలు వదులైతే ప్రయాణమంతా టకటకలాడుతుంది. ఇంత కచ్చితమైన గాడిని కరెంటు లేకుండా ఎలా తీశారు?

చిత్రికతో తీశారు. చెక్కను నునుపు చేసే చిత్రిక మీకు తెలిసే ఉంటుంది. హిందీలో రందా అంటారు, తెలంగాణలోనూ ఆ మాట వినిపిస్తుంది. రచయిత వాక్యాన్ని చిత్రిక పట్టాడని మనం మెచ్చుకునేది ఈ పనిముట్టు పేరుతోనే. నునుపుకు ఒక చిత్రిక ఉంటే, గాడికి సన్నని అలుగున్న మరొకటి, మెట్టుకు ఇంకొకటి, గుండ్రని అంచుకు వేరొకటి. ఎన్ని ఆకారాలో అన్ని చిత్రికలు. గాడి అడుగు సమంగా రావడానికి ఐరోపా వడ్రంగులు చెక్క దిమ్మలో ఒక వంకర ఉలిని దించి వాడేవారు. ఇంగ్లండు పనివాళ్లు దానికి ముసలమ్మ పన్ను అని పేరు పెట్టారు. ఒక్కటే పన్ను బయటికి పొడుచుకుని ఉంటుంది కనుక ఆ పేరు! అమెరికాలో స్టాన్లీ కంపెనీ 1884లో దీన్ని పోత ఇనుముతో తయారు చేసి అమ్మింది. కరెంటు రౌటర్‌కు పేరు ఇచ్చింది ఈ చేతి పనిముట్టే.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. చిత్రిక అలుగును వడ్రంగి స్వయంగా సానరాయి మీద నూరుకునేవాడు. కావలసిన ఆకారానికి అలుగును తనే రాపాడించుకునేవాడు. అంటే ఆకారం, పదును రెండూ అతని చేతిలోనే ఉండేవి. బిట్ వచ్చాక మారింది ఇదే.

కత్తి తిరగడం మొదలైంది

కత్తిని ముందుకు తోయడానికి బదులు గుండ్రంగా తిప్పాలనే ఆలోచన ఇంగ్లండులో శామ్యూల్ బెంథామ్ 1793లో పొందిన పేటెంటులో కనిపిస్తుంది. ఆయన చొరవతోనే పోర్ట్స్‌మత్ నౌకాశ్రయంలో మార్క్ బ్రూనెల్ రూపొందించి, హెన్రీ మాడ్‌స్లే నిర్మించిన యంత్రాలు 1800ల మొదటి దశకంలో ఓడల కప్పీలను తయారు చేశాయి. 110 మంది నిపుణులు చేసే పనిని అక్కడ 10 మంది సామాన్య కూలీలు చేయగలిగారని చరిత్ర పుస్తకాల్లో చదువుతాం. ఆ వాక్యాన్ని యంత్రం వైపు నుంచి చదివితే ఘనవిజయం. మిగిలిన వంద మంది వైపు నుంచి కూడా ఒకసారి చదవండి.

తిరిగే కత్తికి పెద్ద శత్రువు వేడి. మామూలు కార్బన్ ఉక్కు రెండు వందల డిగ్రీలు దాటితే మెత్తబడటం మొదలవుతుంది, పదును పోతుంది. 1868లో రాబర్ట్ మషెట్ టంగ్‌స్టన్ కలిపిన ఉక్కును తెచ్చారు. 1900 పారిస్ ప్రదర్శనలో ఫ్రెడరిక్ టేలర్, మౌన్సెల్ వైట్ చేసిన హైస్పీడ్ స్టీల్‌ను చూసి ఇంజనీర్లు ఆశ్చర్యపోయారు. కత్తి మొన ఎర్రగా కాలుతున్నా కోస్తూనే ఉంది! ఈ టేలరే స్టాప్‌వాచీతో కార్మికుడి ప్రతి కదలికనూ కొలిచి, తరువాత 1911లో శాస్త్రీయ నిర్వహణ గురించి పుస్తకం రాశాడు. పనిముట్టు వేగాన్నీ, మనిషి వేగాన్నీ ఒకే మనిషి లెక్కగట్టడం యాదృచ్ఛికం కాదని నా అభిప్రాయం.

1923లో జర్మనీలో కార్ల్ ష్రోటర్ టంగ్‌స్టన్ కార్బైడ్ పొడిని కోబాల్ట్‌తో కలిపి, వేడి చేసి గట్టి ముక్కగా మార్చే పద్ధతికి పేటెంటు దాఖలు చేశారు. విద్యుద్దీపాల ఫిలమెంటు తయారీ కోసం సాగిన పరిశోధన అది. క్రప్ కంపెనీ దాన్ని విడియా అనే పేరుతో 1920ల చివర్లో మార్కెట్లోకి తెచ్చింది. జర్మన్ భాషలో ఆ పేరుకు 'వజ్రంలాంటిది' అని అర్థం. ఈ రోజు మీ ఊరి హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే రౌటర్ బిట్లలో చాలా వాటికి ఉక్కు ఒంటికి ఇత్తడి వెల్డింగుతో అతికించిన కార్బైడ్ ముక్కలే ఉంటాయి.

మరి చేతితో పట్టుకుని తిప్పే రౌటర్? అమెరికాలోని సిరక్యూస్‌లో ఆర్.ఎల్. కార్టర్ అనే నమూనాల వడ్రంగి మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో మంగలి వాడే కరెంటు క్లిప్పర్‌లోని ఒక మరపళ్ల ముక్కకు పదును పెట్టి మోటారుకు బిగించాడని చెబుతారు. ఆయన యంత్రం బాగా అమ్ముడుపోయింది. 1929లో స్టాన్లీ కంపెనీ ఆయన వ్యాపారాన్ని కొనేసింది. ముసలమ్మ పన్నును అమ్మిన కంపెనీయే దాని వారసుణ్ణి కూడా కొన్నదన్నమాట.

టేకు పెట్టెల కాలం మన దేశంలో 1955 తరువాత వెనుకబడింది. ఆ ఏడాది పెరంబూరులో ప్రారంభమైన ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ పూర్తిగా ఉక్కుతో పెట్టెలు చేయసాగింది. లోపలి చెక్క బెర్తులు మాత్రం ఇంకా చాలాకాలం ఉన్నాయి. 1977 డిసెంబరు 26న మొదలైన గీతాంజలి ఎక్స్‌ప్రెస్ హౌరా, ముంబైల మధ్య బిలాస్‌పూర్ మీదుగా నడుస్తుంది. రైల్వే మంత్రి మధు దండావతే తరగతి భేదం లేని రైలుగా దాన్ని ప్రవేశపెట్టారు. రెండో తరగతి చెక్క బెర్తులపై రెండంగుళాల మెత్తని ఫోమ్ వేయించిన ఘనత కూడా ఆయనదే. ప్రయాణికుడి వీపుకు అది వరం. చెక్క బెర్తు అంచులను ఒరుసుకోకుండా గుండ్రంగా తీసిన వడ్రంగికి మాత్రం అక్కడ పని తగ్గింది. బయట ఊళ్లో తలుపులు, అలమరలు, వంటింటి అరల పని పెరిగింది. రౌటర్ ఆ పనిలోకి వచ్చింది.

వేగం లెక్క

ఇక మీ చేతికి రౌటర్ ఇస్తే ఏం చేయాలి? ముందు ఒక చిన్న లెక్క వేయండి. 12 మి.మీ. వ్యాసమున్న బిట్ నిమిషానికి 22,000 సార్లు తిరిగితే దాని అంచు వేగం సెకనుకు దాదాపు 13.8 మీటర్లు, అంటే గంటకు 50 కిలోమీటర్లు. అదే మోటారుకు 50 మి.మీ. బిట్ బిగిస్తే అంచు వేగం గంటకు 207 కిలోమీటర్లు. 2022 డిసెంబరులో మొదలైన బిలాస్‌పూర్–నాగపూర్ వందే భారత్ 130 దాటదు! మీ చేతి కింద ఆ రైలును మించిన వేగం తిరుగుతోందన్నమాట. అందుకే పెద్ద బిట్‌కు వేగం తగ్గించాలి. 12,000కు తగ్గిస్తే అది గంటకు సుమారు 113 కిలోమీటర్లకు దిగుతుంది. వేగం మార్చే వీలులేని రౌటర్‌కు పెద్ద బిట్ బిగించకూడదు.

రెండో సంగతి కాడ మందం. మన బజారులో పావు అంగుళం, అర అంగుళం కాడలతో పాటు 6, 8, 12 మి.మీ. కాడలూ దొరుకుతాయి. పావు అంగుళమంటే 6.35 మి.మీ. ఆ కాలెట్‌లో 6 మి.మీ. బిట్ దూరుతుంది, బిగిసినట్టు కూడా కనిపిస్తుంది. తేడా 0.35 మి.మీ. మాత్రమే కదా అనుకుంటారు. పని మధ్యలో అది జారి బయటికి వస్తుంది. ఇందులో సర్దుబాటుకు చోటు లేదు, కాడకూ కాలెట్‌కూ కొలత ఒకటే కావాలి. వీలైనచోట అర అంగుళం కాడ ఎంచుకోండి. మందం రెట్టింపైతే వంగకుండా నిలిచే బలం 16 రెట్లవుతుంది. వ్యాసానికి నాలుగో ఘాతం, మీ భౌతికశాస్త్రం పుస్తకంలోని సూత్రమే. కాడను అడుగు తాకేదాకా దించి, మళ్లీ రెండు మూడు మిల్లీమీటర్లు పైకి లాగి బిగించాలి.

కొనేటప్పుడు ఇరవై బిట్ల పెట్టె చవగ్గా కనిపిస్తుంది. నా సలహా వేరు. నేరు అంచు బిట్ ఒకటి, అంచు గుండ్రం చేసే బిట్ ఒకటి, మెట్టు తీసేది ఒకటి, బేరింగు ఉండి పలకను సమంగా కత్తిరించేది ఒకటి, ఈ నాలుగూ మంచివి కొంటే ఇంటి పని చాలావరకు జరుగుతుంది. కార్బైడ్ ముక్క మందంగా ఉందా, అతుకులో ఖాళీలున్నాయా అని వెలుతురులో చూడండి. అతుకు విడిన ముక్క ఎటు ఎగురుతుందో ఎవరూ చెప్పలేరు. మెత్తని చెక్కకు హైస్పీడ్ స్టీల్ చక్కని పదునిస్తుంది. టేకులో సిలికా ఉంటుంది, ప్లైవుడ్‌లో జిగురు పొర ఉంటుంది, అవి ఉక్కు అంచును త్వరగా అరగదీస్తాయి. వాటికి కార్బైడే సరైనది.

కోత ఒక్కసారిగా వద్దు. 12 మి.మీ. లోతు గాడి కావాలంటే మూడేసి మిల్లీమీటర్ల చొప్పున నాలుగు సార్లు తీయండి. పైనుంచి చూస్తే బిట్ గడియారం ముల్లు దిశలో తిరుగుతుంది. కాబట్టి పలక బయటి అంచు మీద రౌటర్‌ను గడియారానికి వ్యతిరేకంగా, చట్రం లోపలి అంచు మీద గడియారం దిశలో నడపాలి. అప్పుడు బిట్ చెక్కను ఎదుర్కొంటూ కోస్తుంది, యంత్రం మీ అదుపులో ఉంటుంది. తిరగేసి నడిపితే బిట్ చెక్క మీద చక్రంలా పాకి రౌటర్‌ను లాక్కుపోతుంది. చెక్క నల్లగా కమిలితే బిట్ మొద్దుబారిందనో, మీరు మరీ నెమ్మదిగా నడుపుతున్నారనో అర్థం. బిట్ మార్చే ముందు ప్లగ్ తీయడం, వదులు చేతులు, గ్లోవ్స్ లేకుండా ఉండటం, కళ్లద్దాలు పెట్టుకోవడం తప్పనిసరి.

దుమ్ము సంగతి చాలామంది వదిలేస్తారు. చిత్రిక చుట్టలు చుట్టలుగా రాల్చేది, అవి పొయ్యిలోకి పోయేవి. రౌటర్ ఊపిరితిత్తుల్లోకి పోయేంత సన్నని పొడి చేస్తుంది. అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ 1995లో చెక్క దుమ్మును మనిషికి కేన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది. ముక్కు కుహరంలో వచ్చే కేన్సర్‌కు దీనితో సంబంధం ఉంది. తలగుడ్డ కొంగు ముక్కుకు చుట్టుకుంటే చాలదు, సన్నని ధూళిని ఆపే మాస్కు కావాలి. చేతి చిత్రిక పట్టే వడ్రంగికి ఇంతగా లేని ప్రమాదం ఇది. యంత్రం పని తగ్గించిందనే లెక్క రాసేటప్పుడు ఇది కూడా రాయాలి.

బిట్లను దాచే పద్ధతి

కార్బైడ్ ఎంత గట్టిదో అంత పెళుసు. రెండు బిట్లు డ్రాయరులో ఒకదానికొకటి కొట్టుకుంటే అంచు చిట్లుతుంది. కంటికి కనిపించని ఆ చిట్లు ప్రతి గాడిలోనూ ఒక గీతగా పడుతుంది. చెక్క దిమ్మకు రంధ్రాలు వేసి, కోత అంచు పైకి ఉండేలా ఒక్కొక్కటీ విడిగా నిలబెట్టండి. రంధ్రం కాడ కంటే కొంచెం వదులుగా ఉండాలి. బిలాస్‌పూర్‌లోనైనా విజయనగరంలోనైనా జూలై వచ్చిందంటే చెక్క ఉబ్బుతుంది, బిగుతు రంధ్రంలోని బిట్‌ను వేళ్లతో లాగబోతే తెగేది వేలే. తుమ్మలాంటి తానిన్ ఎక్కువున్న చెక్క దిమ్మకు పనికిరాదు, చెమ్మతో కలిసి ఉక్కును నల్లగా చేసి తుప్పు పట్టిస్తుంది. పని అయ్యాక బిట్‌కు అంటిన జిగురును, గుగ్గిలాన్ని కిరసనాయిలుతో తుడిచి, కాడకు పలచగా నూనె రాయండి. నూనె చేయి కాలెట్ లోపలికి వెళ్లకూడదు, పట్టు జారుతుంది. బేరింగును కిరసనాయిలులో నానబెట్టవద్దు, లోపలి గ్రీజు కరిగిపోతుంది.

పదును తగ్గితే మామూలు సానరాయి కార్బైడ్ మీద పనిచేయదు. విడియా పేరులోని వజ్రమే దానికి మందు. వజ్రపు పొడి అద్దిన చిన్న పలకను తడిపి, బిట్ లోపలి చదునైన ముఖం మీద నాలుగైదు సార్లు సమంగా రుద్దాలి, రెండు వైపులా లెక్క ఒకటే ఉండాలి. బయటి వంపు అంచును మాత్రం ముట్టుకోకూడదు. అక్కడ రుద్దితే బిట్ వ్యాసం తగ్గి, బేరింగుకూ అంచుకూ కొలత కలవక, కోసిన అంచు పక్కన సన్నని మెట్టు మిగిలిపోతుంది.